పొత్రం మీద విచారణ

నాకు చట్టం తెలుసు. కాకపోతే నాకు తెలిసిన చట్టం ఐదారు వందల ఏళ్ళ కిందటే కాలం చేసింది. అదీ ఇంగ్లండులో.

ఇందులో నా తప్పేమీ లేదు. వయసులో ఉన్నప్పుడు పగలంతా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, సాయంత్రం లా కాలేజీకి పరుగెత్తేవాణ్ణి. మాకు చట్ట చరిత్ర చెప్పే మాస్టారికి పాత ఇంగ్లండంటే ప్రాణం. కాలేజీ తెరిచిన రోజున నార్మన్లను పడవల్లోంచి దింపి ఒడ్డున నిలబెట్టేవారు. ఆ తర్వాత వానలు, రైళ్ళు ఆగిపోవడాలు, గణపతి సెలవులు, బందులు. పరీక్షలు నెత్తి మీదికి వచ్చేసరికి కూడా ఇంగ్లండు రాజు గుర్రం దిగి ఉండేవాడు కాదు. మిగతా చరిత్ర మీరే చదువుకోండి అనేవారు మాస్టారు. నేను ఆ ఒక్క పేపరు తప్పాను. మళ్ళీ రాశాను, మళ్ళీ తప్పాను. మధ్యయుగాల్లో నేను గడిపినంత కాలం ఏ ఇంగ్లీషు రైతూ గడిపి ఉండడు. పాపం, వాళ్ళు ప్లేగు వచ్చి తొందరగా బయటపడేవారు. చివరికి కాలేజీ నన్ను వదిలేసింది గానీ మధ్యయుగాలు వదల్లేదు.

మా చాల్‌లో, అంటే మూడంతస్తుల వరసగదుల పాత కట్టడంలో, ఈ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. "లా చదివిండు" అన్న మాట చాలు. ముంబయి కామాటిపురలోని మా గల్లీలో నల్లా దగ్గర కొట్లాటైనా, పక్కవాడి గోడకు మేకు కొట్టిన తగాదా అయినా నా తలుపే తడతారు. నేను ఏ పుస్తకమూ తిరగేయకుండా, జడ్జీలు గుర్రాల మీద ఊరూరా తిరిగిన కాలం నాటి సలహా ఇచ్చి పంపిస్తాను. విచిత్రమేమిటంటే అది పనిచేస్తుంది. దాదర్‌లో మన తెలుగువాళ్ళ సభలకు వెళ్ళినప్పుడు నిజం వకీళ్ళు కొందరు తగులుతుంటారు. వాళ్ళ చేతిలో పడిన కేసు తేలేసరికి వాది పోయి, అతని మనవడు వాది అవుతాడట. నా దగ్గరైతే చాయ్ చల్లారేలోపల తేలిపోతుంది.

ఆలోచిస్తే కారణం కనపడుతూనే ఉంది. ఆనాటి ఇంగ్లీషు పల్లెకూ మా చాల్‌కూ పెద్ద తేడా లేదు. అక్కడ దొంగ కంటపడితే చూసినవాడు కేక పెట్టాలి, కేక విన్న ప్రతివాడూ చేతికి దొరికింది పట్టుకుని పరుగెత్తాలి. లేకపోతే ఊరు ఊరంతటికీ జరిమానా. మా దగ్గర ఆ చట్టం ఏ రాజూ చెప్పకుండానే అమల్లో ఉంది. చెంబు జారి పడితే మూడు అంతస్తులు దిగి వస్తాయి. గదికీ గదికీ మధ్య చెక్క గోడ. ఇవతల ఎవరైనా తుమ్మితే అవతలి గదివాళ్ళు "చిరంజీవ" అంటారు, దాని అవతలి గదివాళ్ళు మందు చెబుతారు, ఆ చివరి గదివాళ్ళు తుమ్మిన పిల్లకు సంబంధం ఎందుకు కుదరడం లేదో చెబుతారు.

ఇలాంటి చోట ఒక ఆదివారం ఉదయం పొత్రం పడింది.

పొత్రం పెద్దవ్వది. ఆమె రెండో అంతస్తు మూల గదిలో ఉంటుంది. చాల్ మొత్తానికి ఆమె పెద్దవ్వే. గది ముందున్న గ్యాలరీలో ఒక రుబ్బురోలు ఉంది. దాంట్లో రోజూ దోశపిండి రుబ్బి అమ్ముతుంది. ఈ కాలంలో రోలేమిటని నవ్వేవాళ్ళు ఒక్కసారి ఆ పిండితో దోశ పోసుకుంటే నవ్వు మానేసి గిన్నె పట్టుకుని వరసలో నిలబడతారు. ఒకసారి కరెంటు గ్రైండరు తెచ్చి చూసింది. "షాక్ వాసనొస్తున్నది" అని చాల్ అంతా పిండి తిప్పి పంపింది. ఆ రాయి సంగతి అడిగితే, పెద్దవ్వ మామగారి తాత ఈ నగరంలో పెద్ద పెద్ద భవనాలకు రాళ్ళు మోశాడనీ, మిగిలిన ముక్కలో చెక్కిన రోలు ఇదనీ చెబుతుంది. నమ్ముతాను. మా చాల్‌లో ఏ రాయిని కదిపినా అది ఏదో ఒక పెద్ద బంగళాకు మేనత్త కూతురినే అంటుంది. మా తాతలు ఇక్కడికి రాళ్ళు మోయడానికే వచ్చారు మరి.

ఆ పొత్రం బరువెంతో సరిగ్గా చెప్పలేను. నా అంచనాలో, తల్లిపాలు మరిచిన ఏనుగుపిల్లంత.

పెద్దవ్వ గది కిరాయి, గ్యాసు, మోకాళ్ళ మందులు, అన్నీ ఆ రాతిలోంచే వస్తాయి. లోకల్ రైల్లో గంటకు పైగా పట్టే నాలాసొపారాలో కొడుకూ కోడలూ ఉన్నారు. మంచివాళ్ళే. వచ్చి ఉండమంటారు. "నా రోలును లోకల్ ఎక్కనిస్తరా?" అని అడుగుతుంది. ఎక్కనివ్వరు. అందుకని పోదు. రోలు ఉన్నన్నాళ్ళు ఆమె కామాటిపుర మనిషి. రోలు పోతే నాలాసొపారాలో ఎవరికో అత్తగారు.

ఇక కింద సెక్రెటరీ. చాల్ కమిటీకి సెక్రెటరీ, గ్రౌండు ఫ్లోరులో మొదటి గది. మనిషి చెడ్డవాడు కాదు, సెక్రెటరీ అంతే. ఆ వారమే కొత్త స్కూటరు కొన్నాడు. దాని ముందు చక్రం కింద నలిగిన నిమ్మకాయలతో మా గల్లీకి ఒక వేసవి మొత్తం షర్బత్ పోయొచ్చు. దాన్ని ఎండ తగలకుండా సరిగ్గా గ్యాలరీ కింద నిలబెట్టాడు.

గ్యాలరీకి ఒక చెక్క రేలింగ్ ఉంది. ఉంది అంటే మర్యాదకు అంటున్నాను. ఎప్పుడో తెల్లదొరల కాలంలో పెట్టిన కర్రలు. విరిగిన చోటల్లా ఎవరో ఒకరు పాత చీర పీలికతో కట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు దాంట్లో కర్ర కంటే చీర ఎక్కువ. బాగు చేయిద్దామని ఎవరన్నా అంటే "రీడెవలప్‌మెంట్ వస్తున్నది, అంత కూలగొట్టి కొత్తది కడ్తరు, ఇప్పుడెందుకు దండగ?" అనేది కమిటీ జవాబు. రీడెవలప్‌మెంట్ వస్తున్నదన్న మాట నేను లాగు తొడుక్కోక ముందు నుంచీ వింటున్నాను. 

ఆ ఉదయం పెద్దవ్వ పిండి రుబ్బి, పొత్రం కడిగి, ఎప్పటిలాగే ఆరడానికి రేలింగ్‌కు ఆనించింది. ఒక కాకి వచ్చి రేలింగ్ మీద వాలింది. తెల్లదొరల కాలం నాటి కర్ర ఇన్నేళ్ళుగా ఆ కాకి కోసమే ఎదురుచూస్తున్నట్టు విరిగింది.

చప్పుడు ధారావి దాకా వినపడిందని నేనంటే అతిశయోక్తి అంటారు. మా అన్న సాక్ష్యం. ఆ సమయంలో ఆయన ధారావిలో ఉన్నాడు. వినపడలేదంటాడు, కానీ ఆయనకు చెవుడు.

మూడు అంతస్తులూ దిగివచ్చాయి. ఒకరి చేతిలో గరిటె, ఒకరి ముఖం మీద సగం సబ్బు.

"ఎవలు చచ్చిర్రు?"

"స్కూటర్."

"అయ్యో! ఎవలది?"

"సెక్రెటరీ మామది."

"అరెరె... నంబర్ ప్లేటన్న రాలేదు గద ఇంకా! పేరు పెట్టకముందే పాయె."

దీపం పగిలింది, హ్యాండిల్ వంగింది, ముందు డొక్క లోపలికి పోయింది. పొత్రం మాత్రం చిన్న గీత కూడా లేకుండా పక్కన పడి ఉంది. సెక్రెటరీ బనియన్ మీదే బయటికి వచ్చి స్కూటరునూ, పొత్రాన్నీ, పైకీ చూశాడు. పైన విరిగిన రేలింగ్ సందులోంచి పెద్దవ్వ కిందికి చూస్తోంది.

"పెద్దవ్వా! సాయంత్రం మీటింగ్. ఆ రోలు గ్యాలరీల ఉండొద్దు. ఫైసల్, బస్!"

మధ్యాహ్నం పెద్దవ్వ నా గదికి వచ్చింది. గుమ్మంలోనే కూర్చుంది.

"బిడ్డా, నీ లండన్ చట్టంల ఏమున్నదో చెప్పు. మొదటికెల్లి చెప్పు. పప్పు నానవెట్టొచ్చిన, తొందర లేదు."

నా జీవితంలో నన్ను మొదటి నుంచి చెప్పమని అడిగిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఉత్సాహం ఆగలేదు. ముందు నిప్పు పరీక్ష చెప్పాను. నేరం మీద పడ్డవాడు ఎర్రగా కాలిన ఇనుము చేత్తో పట్టుకుని నడవాలి. చేతికి కట్టు కట్టి, మూడు రోజుల తర్వాత విప్పి చూస్తారు. పుండు మానుతుంటే నిర్దోషి.

పెద్దవ్వ అరచేయి చాపింది. చెప్పు అట్ట కూడా అంత గట్టిగా ఉండదు. "పుట్టినకాన్నుంచి పెనం చేత్తోనే దించుతున్న. నా మీద ఏ కేసూ నిలవది. ఇంకేమున్నది?"

"నీటి పరీక్ష. తాడు కట్టి నీళ్ళలో దించుతారు. మునిగితే నిర్దోషి, తేలితే దొంగ."

"మునిగినోడు సావడా?"

"తాడు పట్టి లాగుతారులే."

"మంచిదే. వానకాలం వస్తే గల్లీల నడుములోతు నీళ్ళు. మనమందరం నిర్దోషులమే. ఇంకా?"

కొన్నాళ్ళకు పై గురువుల ఆజ్ఞతో పూజారులు ఈ పరీక్షలకు మంత్రాలు చదవబోమని చేతులెత్తేశారనీ, దేవుడి సాక్ష్యం దొరక్క జడ్జీలకు దిక్కు తోచలేదనీ చెప్పాను. అప్పుడు వాళ్ళు పన్నెండుమంది ఇరుగుపొరుగును పిలిచి ప్రమాణం చేయించి అడగడం ఎక్కువ చేశారు. ఈనాటి జ్యూరీలాగా ఏమీ తెలియనివాళ్ళను కాదు. అన్నీ తెలిసినవాళ్ళనే.

"గదీ!" అంది పెద్దవ్వ. "దేవుడు చెప్పకుంటే పక్కింటోళ్ళు చెప్తరు. వాళ్ళకు ఆయన కంటె రెండు ముక్కలెక్కువే తెలుస్తయి."

అప్పుడు చెప్పాను అసలు సంగతి. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో! ఆ చట్టంలో ఒక వింత ఉంది. బండి కింద పడి మనిషి పోయాడనుకో, ఎద్దు పొడిచిందనుకో, కాగుతున్న గంగాళంలో పడ్డాడనుకో, నేరం ఆ వస్తువుది. బండి దోషి, గంగాళం దోషి. దాన్ని పట్టుకుని విచారిస్తారు.

పెద్దవ్వ కళ్ళు మెరిశాయి. "అంటే తప్పు పొత్రానిది. నాది గాదు."

"నీది కాదు."

"శాబాస్ బిడ్డా! సాయంత్రం మీటింగ్ల గిదే చెప్పు." మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి వెళ్ళిపోయింది. దోషిగా తేలిన వస్తువును ఏం చేస్తారో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. పరీక్షల్లో కూడా నాకు ప్రశ్న రెండో సగం ఎప్పుడూ అందేది కాదు.

సాయంత్రం కింద మెట్ల దగ్గరి ఖాళీలో అందరం చేరాం. నేను కుర్చీ ఎక్కలేదు గానీ గొంతు ఎక్కించాను. మనిషి పోతేనే ఈ చట్టం వర్తిస్తుందని నిజాయితీగా ఒప్పుకున్నాను. అయితే సెక్రెటరీ ఉదయం నుంచి ముద్ద ముట్టలేదు కాబట్టి, స్కూటరును మనిషి కింద జమ కట్టవచ్చని వాదించాను. సెక్రెటరీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పాయింటు నెగ్గింది.

పన్నెండుమందిని ఎన్నుకోవడం కష్టమైంది. అందరికీ అన్నీ తెలుసు. రాత్రి డ్యూటీ చేసి పడి నిద్రపోయిన ట్యాక్సీ డ్రైవరొకాయన "నాకేం తెల్వదు" అన్నాడు. అర్హత లేదని వెనక్కి పంపాం. అవమానంతో ఆయన అక్కడే నాలుగు మాటలు అడిగి తెలుసుకుని మళ్ళీ ముందుకొచ్చాడు. ఆడవాళ్ళు ఆరుగురు ఉండాలని సెక్రెటరీ భార్యే పట్టుబట్టి, తానే మొదట కూర్చుంది.

"ముద్దాయిలు ఎందరు?" అని అడిగాడు మొదటి అంతస్తు దర్జీ.

"ఇద్దరు. పొత్రం, కాకి," అన్నాను.

"కాకి యాడున్నది?"

"పారిపోయింది."

పిలిస్తే రానివాణ్ణి పాత ఇంగ్లండులో చట్టం బయటికి తోసేసేవారు. ఇక వాడు తోడేలుతో సమానం, ఎవరైనా తరమవచ్చు. అలాగే కాకిని మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, రాకపోయేసరికి మా గల్లీ నుంచి బహిష్కరించాం. ఆ మర్నాటి నుంచి మా చాల్ మీద ఏ కాకి వాలినా పైనుంచి చెప్పు విసురుతున్నారు. అది ఆ కాకేనని రుజువు ఏమిటని అడిగితే "మొఖం జూస్తే తెల్వదా?" అంటున్నారు.

తర్వాత పొత్రం. దాన్ని ఒక పాత గోనెసంచి మీద కూర్చోబెట్టారు. తెలిసినవాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఒక్కరూ పొత్రం గురించి మాట్లాడలేదు. అందరూ రేలింగ్ గురించే.

"పోయిన హోలీకే ఊగుతుండె," అన్నాడు దర్జీ. "నేనే కట్టిన, నా పాత లుంగీతోటి."

"నా బెనారస్ చీర అంచుంది దాంట్ల," అంది ఒకామె.

సెక్రెటరీ భార్య లేచి నిలబడింది. "ఏందయ్యా, నీకు నేను చెప్పలేదా? రేలింగ్ పోతున్నదంటే, రీడెవలప్‌మెంట్ వస్తున్నది అంటివి. వచ్చిందా? స్కూటర్ మీదికే వచ్చింది."

"నువ్వు జ్యూరీవా, నా పెండ్లానివా?" అన్నాడు సెక్రెటరీ.

"ఇప్పుడు జ్యూరీని. ఇంటికి రా, అప్పుడు పెండ్లాన్నయిత."

ఒక చిక్కు మిగిలింది. సెక్రెటరీ రోలు కూడా దోషే అన్నాడు. కుదరదన్నాను. బండి కదులుతూ మనిషిని తొక్కితే బండంతా దోషి. నిలిచి ఉన్న బండి చక్రం మీది నుంచి జారిపడితే చక్రం ఒక్కటే దోషి. కదిలిందే నేరం చేసింది. రోలు తన చోటే కూర్చుని ఉంది, అది గృహస్థు. పన్నెండుమందీ తలలు దగ్గరికి చేర్చి, రోలు నిర్దోషి, పొత్రం దోషి అని తేల్చారు. నేను పెద్దవ్వ వంక చూసి మీసం సవరించుకున్నాను.

"వకీల్ సాబ్," అన్నాడు సెక్రెటరీ, "దోషి అని తేలింది. దాన్ని ఏం జేస్తరు మీ చట్టంల?"

చెప్పక తప్పలేదు. "రాజు తీసుకుంటాడు. తీసుకుని... దేవుడి పనికి ఇస్తాడు."

"స్కూటర్ ఓనర్‌కు?"

"ఏమీ రాదు."

అందరూ నవ్వారు. సెక్రెటరీ నవ్వలేదు, కానీ బాధ కూడా పడలేదు. "పర్వాలే. నాకేం వద్దు. పొత్రం పోతే రోలేం జేస్తది, పూలకుండీ అయితది. గల్లీ చివర పోచమ్మ ఉన్నది. ఎత్తుండ్రి, దేవునికి ఇచ్చేద్దాం. వకీల్ సాబ్, మీ చట్టం మస్తు నచ్చింది నాకు."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దవ్వ నా వంక చూసింది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

"వకీలూ, నువ్వు నా దిక్కు మాట్లాడినవా, ఆయన దిక్కు మాట్లాడినవా?"

నాకు పై గదిలో పప్పు నానుతోందని గుర్తుకొచ్చింది.

నలుగురు మగవాళ్ళు పొత్రం మీద చేయి వేయబోతే సెక్రెటరీ భార్య అడ్డుపడింది. పోచమ్మకు ఇచ్చేదాన్ని అలా ఉత్త చేతుల్తో పట్టుకుపోతారా? కడగొద్దా? ఆడవాళ్ళు రంగంలోకి దిగారు. పొత్రాన్ని కడిగారు, పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, వేపమండలు చుట్టారు. రాళ్ళు మోసుకొచ్చే ఇనప తట్ట, ఘమేలా అంటారు, ఒకటి దొరికితే దాంట్లో కూర్చోబెట్టారు. మనవాళ్ళకు పోచమ్మ అంటే పసుపు రాసిన రాయే. ఇక ఘమేలాలో ఉన్నది పెద్దవ్వ పొత్రమో, తల్లో చెప్పడం కష్టం. ఉదయం దాన్ని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళు కూడా చెప్పులు విప్పి నిలబడ్డారు.

ఎవరో డప్పు తెచ్చారు. మొదటి మలుపుకు మేం ముప్పైమంది. రెండో మలుపుకు ఎవరెవరో కలిసి, నా లెక్కలో, ఒక చిన్న జిల్లా. ట్యాక్సీలు ఆగిపోయాయి. ఒక మరాఠీ ఆవిడ కిటికీలోంచి "కోణాచీ మిరవణూక్?" అని ఎవరి ఊరేగింపో అడిగి, జవాబు వినకుండానే దణ్ణం పెట్టింది. మూడో మలుపులో ఒకాయన ఘమేలా దగ్గరికి వచ్చి కొడుక్కి ఉద్యోగం కావాలని మొక్కుకున్నాడు. సెక్రెటరీ ముందు నడుస్తున్నాడు, పెద్దవ్వ అందరికన్నా వెనక. నేను ఎటు నడిచినా తప్పుగానే ఉంది, అందుకని డప్పు పక్కన నడిచాను. అక్కడైతే ఎవరి మాటా వినపడదు.

పోచమ్మ గుడి మన ఇంట్లో బట్టల బీరువా అంత ఉంటుంది. దాన్ని చూసుకునే ఆవిడ మెట్టు మీద కూర్చుని వత్తులు చేస్తోంది. మమ్మల్ని, ఘమేలాను, డప్పును చూసి వత్తి పక్కన పెట్టింది.

"ఏందిది?"

"దేవునికి ఇచ్చిన రాయి," అన్నాడు సెక్రెటరీ.

"యాడ పెట్టాలె? లోపల ఏడుగురు తల్లులున్నరు. కూసుండ జాగ లేక నిలబడే ఉన్నరు, లోకల్ల లెక్క. ఇంకో తల్లిని నా నెత్తి మీద పెట్టాల్నా? ఎవలది రాయి?"

గుంపు పక్కకు తొలిగింది. వెనక నుంచి పెద్దవ్వ వచ్చింది. "నాది."

"రుబ్బుతవా దీంతోటి?"

"రుబ్బుత. దాని మీదనే బతుకుతున్న."

"మరి ఇచ్చినంక ఏం తింటవు?"

"అదే వకీలును అడుగుతున్న," అంది పెద్దవ్వ.

అప్పుడు, డప్పు ఆగిన ఆ నిశ్శబ్దంలో, పరీక్ష హాల్లో ఎన్నిసార్లు జుట్టు పీక్కున్నా రాని ప్రశ్న రెండో సగం నాకు గుర్తొచ్చింది. పాత ఇంగ్లండులో ఆ బండినీ ఎద్దునూ నిజంగా లాక్కుపోవడం అన్నిసార్లూ జరిగేది కాదు. దోషి వస్తువుకు ఎంత విలువో ఆ పన్నెండుమందే కట్టేవారు. ఓనరు ఆ విలువ చెల్లించి వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చు. చెల్లించింది దేవుడి పనికి పోతుంది. పన్నెండుమందీ ఇరుగుపొరుగే కాబట్టి, పక్కింటివాడి బండికి కట్టే విలువ చూస్తే బండికే సిగ్గేసేది.

ఈ సంగతి నేను అరిచి చెప్పాను. అరిస్తే తప్ప నాకే నమ్మకం కుదరలేదు.

జ్యూరీ గుడి మెట్ల మీదే కూర్చుంది. విలువ ధాన్యంలోనో, పైకంలోనో కాకుండా దోశల్లో కడదామని దర్జీ అన్నాడు. "ఆదివారానికి ఒక్క దోశ. అదీ ఎక్కువే."

"ఒక్కటా?" అంది గుడి చూసుకునే ఆవిడ. "లోపల ఏడుగురున్నరు! ముక్కలు చేసి పంచాల్నా? కొట్లాడుకుంటరు."

బేరం చాలాసేపు నడిచింది. చివరికి ఆదివారానికి ఏడు దోశలు, ఎల్లిపాయ కారంతో. పెద్దవ్వ వెంటనే ఒప్పుకుంది. కానీ ఘమేలాలోకి చూసి వెనక్కి తగ్గింది. "పసుపు కుంకుమ పెట్టినంక దీంతో ఎట్ల రుబ్బాలె? పాపం గాదా?"

"కడుగు," అంది ఆవిడ, వత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "కడిగినంక రాయి. మల్ల ఆదివారం పసుపు పెట్టు, తల్లి. అమ్మవారికి తెల్వదా ఏ పూట ఏందో?"

పెద్దవ్వ ఘమేలా అంచు పట్టుకుంది. ఇంక ఎవరు లాగినా వదిలేలా లేదు. అందరూ సెక్రెటరీ వంక చూశారు.

"గుడికి ఇయ్యకుంటే మానె," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గ్యాలరీల పెట్టనియ్య అవ్వా. మల్ల పడ్తది. నా స్కూటర్ మీద పడ్డది కాబట్టి అందరు నవ్వుతున్నరు. రేపు ఎవని నెత్తి మీదనన్న పడితే? రేలింగ్ పోయిందని మీకందరికీ తెలుసు. నాకొక్కనికే తెలుసా?"

రేలింగ్‌కు లుంగీ కట్టిన దర్జీ నేల చూశాడు. బెనారస్ చీర ఆమె కొంగు సర్దుకుంది. నేను నాలుగేళ్ళ కిందట కట్టిన పంచ అంచు అక్కడే, సరిగ్గా పొత్రం ఆనించే చోటే ఉంది. ఆ సంగతి నేను జ్యూరీకి చెప్పలేదు. వంతెన కుళ్ళి మనిషి పడితే వంతెన ఎవరిదని అడగకుండా ఊరంతటికీ జరిమానా వేసేవారని మాత్రం అన్నాను.

"అయితే వేద్దాం," అంది సెక్రెటరీ భార్య. "ఊరంటే మనమే గద. కొత్త రేలింగ్. అయ్యేదాక పొత్రం మా ఇంట్ల ఉంటది. అవ్వా, భయపడకు, నేను చూసుకుంట."

అలా ముద్దాయి బెయిలు మీద ఫిర్యాదుదారుడి గదిలోనే బస చేసింది. సెక్రెటరీ మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాడట. ఆయన భార్య ఆనక చెప్పింది, రాయికి కాళ్ళు తగులుతాయని ఒకటికి రెండుసార్లు లేచి ముడుచుకున్నాడని.

ఆ పూట నానిన పప్పును ఇంటికి కొంత పంచుకుని, అందరూ ఒకేసారి మిక్సీలు వేశారు. చాల్ అంతా చీకటైంది. నా లెక్కలో సగం ముంబయి చీకటైంది. వచ్చిన పిండిని ఎవరూ కొనలేదు, మేమే తిన్నాం. తింటున్నంతసేపూ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

రేలింగ్ దగ్గర అసలు అవమానం మొదలైంది. నగరం కట్టింది మేమేనని పొద్దస్తమానం చెప్పుకునే మా చాల్ మొత్తంలో తాపీ పట్టడం వచ్చిన చేయి ఒక్కటి లేదు. సుత్తి ఉంది, తలుపు కింద పెట్టడానికి. చివరికి ధారావి నుంచి మహబూబ్‌నగర్ మేస్త్రీని, ఇద్దరు కూలీలను పిలిచాం. వాళ్ళు ఇనప రాడ్లు దింపి, పాత రేలింగ్ వైపు చూసి నిలబడిపోయారు.

"సార్, ఇది రేలింగా, బట్టల దండెమా?" అన్నాడు మేస్త్రీ.

"మా తాతలు కట్టింది," అన్నాడు దర్జీ, మర్యాద నిలుపుకోడానికి.

"మీ తాతలు మంచిగనే కట్టిర్రు. మీరే దాని మీద బట్టలు కట్టిర్రు."

పని అయ్యేదాకా పెద్దవ్వ అక్కడే కూర్చుంది. వాళ్ళకు చాయ్ పోసింది, సిమెంటు పల్చగా కలిపితే తిట్టింది. మేస్త్రీ సర్దుకుని బయల్దేరబోతుంటే ఆగమంది. చీర దోపుకుని, కొత్త రేలింగ్‌ను రెండు చేతులా పట్టుకుని ఊపింది. భుజం ఆనించి తోసింది. తర్వాత తిరిగి నిలబడి నడుముతో ఒక్క నెట్టు నెట్టింది. చాల్ కదిలినట్టయింది గానీ రేలింగ్ కదల్లేదు.

"పో బిడ్డా, మంచిగ చేసినవు," అని మేస్త్రీని పంపింది.

మర్నాడు సెక్రెటరీ, దర్జీ కలిసి పొత్రాన్ని మెట్ల మీదుగా మోసుకొచ్చారు. పెద్దవ్వ దాన్ని ఒకటికి నాలుగు నీళ్ళు కడిగింది. ఏ గంటు సందులోనూ పసుపు మిగలకుండా. రోట్లో దించి, పప్పు వేసి, ఒక చుట్టు తిప్పి ఆగింది. కళ్ళు మూసుకుని పొత్రం మీద అరచేయి ఆనించింది. ఏం అడిగిందో తెలియదు. వినడానికి ప్రయత్నించాను, కింద స్కూటరు ఈడుస్తున్న చప్పుడు అడ్డొచ్చింది.

కింద సెక్రెటరీ, మరమ్మతై వచ్చిన స్కూటరును గ్యాలరీ కింది నుంచి తోసుకుంటూ తెచ్చి, సరిగ్గా నా కిటికీ కింద పెడుతున్నాడు. పెద్దవ్వ కొత్త రేలింగ్ మీది నుంచి వంగి చూసింది.

"ఎందుకు కొడుకా జరుపుతున్నవు? రేలింగ్ గట్టిగున్నది. అమ్మవారు కూడ ఉన్నది గద!"

"అందుకే జరుపుతున్న అవ్వా," అన్నాడు సెక్రెటరీ, స్టాండు వేస్తూ. "పోయినసారి పడ్డది ఉత్త రాయి."

పెద్దవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ రోలు ముందు కూర్చుంది. వరసలో నిలబడ్డ గిన్నెలు ఒక అడుగు ముందుకు జరిగాయి.